మన ఫోటో చెల్లదు, వాళ్ల ఫోటో చెల్లుతుంది

సంక్రాంతికి రెండు రోజుల ముందు నా ఫోనుకు ఒకే ఫోటో ఆరుగురు పంపినారు. నలుపు తెలుపుల్లో ఒక కపిల బావి. కాడెద్దులు ఏటవాలు బాటలో దిగుతున్నాయి, మోకు మీద ఒక మనిషి కూర్చున్నాడు, తోలు బాన నిండుగా పైకి వస్తోంది. కింద రంగు అక్షరాల్లో ‘ఆ రోజులే వేరు’ అని రాసి, పక్కన రెండు చేతులు జోడించిన బొమ్మ. పంపిన ఆరుగురిలో నలుగురు ఊరు విడిచి హైదరాబాదులో, బెంగుళూరులో స్థిరపడినవాళ్లు. మిగతా ఇద్దరు మన సంఘం వాళ్లే. ఈ బావి ఏ ఊరిది, మోకు మీద మనిషి ఎవరు అని ఆరుగురినీ అడిగినాను. ఒక్కరూ చెప్పలేకపోయినారు. ఒకాయన మాత్రం, ‘ఎవరైతే ఏముందన్నా, చూసేకి బాగుంది కదా’ అన్నాడు.

చూసేకి బాగుంటుంది. మా నాయన కపిల తోలతాంటే చూసినవాణ్ణి నేను. కోడి కూయకముందే ఎడ్లను బావి కాడికి తోలుకుపోవాలి. ఎడ్లు బాటలో దిగేటప్పుడు బరువు కోసం మనిషి మోకు మీద కూర్చోవాలి, బాన కుమ్మరించినాక ఎడ్లను వెనక్కి నడిపించి పైకి ఎక్కించాలి. ఎద్దుకు వెనక్కి నడవడం ఎంత కష్టమో సేద్యం చేసినవానికి తెలుసు. మోకు తెగితే ఎడ్లు ముందుకు బోర్లా పడతాయి, మనిషి ఎక్కడ పడతాడో చెప్పలేం. ఎండ ముదిరేదాకా తోలితే పావెకరా, బావిలో నీళ్లు బాగుంటే అరెకరా తడిసేది. మా అమ్మ ఆ పొద్దంతా మోకాటి లోతు బురదలో మడవలు తిప్పేది. ఆ బానను కుట్టింది మాదిగపేటలో ఒక కుటుంబం. సంవత్సరమంతా తోలు పని చేసినందుకు వాళ్లకు దక్కేది కల్లంలో కొలిచే మేర గింజలు. కరువొస్తే ఆ మేర కూడా లేదు. ఫోటోలో ఆ కుటుంబం కనపడదు, మా అమ్మ కనపడదు. కనపడిన మనిషికి పేరు లేదు. ఇంక ‘ఆ రోజులే వేరు’ అంటే ఎవరి రోజులు?

ఇది ఫోటోల మీద కోపం కాదు. కోపమల్లా ఒక అన్యాయం మీద. నూటయాభై ఏండ్లుగా మన పల్లెలకు కెమెరాలు వస్తానే ఉన్నాయి. మనల్ని ఎండిన డొక్కలుగా తీసినారు, ముచ్చటగా తీసినారు, ఇప్పుడు అనుమానితులుగా తీస్తున్నారు. తీసిన ప్రతిసారీ ఆ ఫోటో తీసినవాని చేతిలో సాక్ష్యమయింది. మన చేతిలో ఉన్న ఫోటో మాత్రం ఏ కచేరీలోనూ సాక్ష్యం కాలేదు.

మొదటి సంగతి మన అవ్వలు చెప్పిన ధాత కరువుది. 1876లో వానలు లేవు, 1877లో లేవు. మద్రాసు రాజధానిలో లక్షలాది జనం చచ్చిపోయినారు. అందరికన్నా ఎక్కువగా దెబ్బతిన్న జిల్లాల్లో కర్నూలు ఒకటి, కడప, బళ్ళారి దాని పక్కనే. 1871 జనాభా లెక్కకూ 1881 లెక్కకూ మధ్య కర్నూలు జిల్లాలో దాదాపు నాలుగోవంతు జనం తగ్గిపోయినారు. నలుగురున్న ఇంట్లో ఒకరు లేరు. ఇది మన లెక్క కాదు, తెల్లదొరల లెక్కే. 1877 జనవరి 1న ఢిల్లీలో వైస్రాయి లిట్టన్ విక్టోరియా రాణి పేరు మీద దర్బారు జరిపినాడు. అదే నెలలో కరువు ఖర్చు తగ్గించడానికి రిచర్డ్ టెంపుల్ అనే అధికారి దక్షిణాదికి వచ్చి, కరువు పనుల్లో రాళ్లు మోసే కూలికి రోజుకు ఒక పౌండు ధాన్యం, పైన కొంచెం చిల్లర చాలని తేల్చినాడు. పౌండంటే అరకిలో కన్నా తక్కువ. ఆ కూడు తిని ఆ పని చేస్తే మనిషి బతకడని మద్రాసు ప్రభుత్వంలోనే ఆరోగ్య శాఖ పెద్దగా ఉన్న కార్నిష్ అనే డాక్టరు పోట్లాడినాడు. పోట్లాట తేలేలోపల చచ్చేవాళ్లు చచ్చినారు.

అప్పుడే మద్రాసు సైన్యంలో విలోబీ వాలెస్ హూపర్ అనే అధికారి కెమెరాతో కరువు జనాన్ని ఫోటోలు తీసినాడు. ఆ ఫోటోలు ఈరోజు కూడా లండన్ భద్రాగారాల్లో ఉన్నాయి, కంప్యూటరులో ఎవరైనా చూడొచ్చు. నేను చూసినాను. చూసిన పూట అన్నం సహించలేదు. ఎముకల మీద తోలు కప్పిన మనుషులను వరసగా కూర్చోబెట్టినారు, కొందరిని నిలబెట్టినారు. నిలబడలేనివాళ్లను పక్కవాళ్లు ఆనించి పట్టుకున్నారు. అప్పటి కెమెరా ముందు కదలకుండా ఉండాలి. అంటే తిండిలేని మనిషిని ‘కదలొద్దు’ అని నిలబెట్టినారన్నమాట. తీసినవాడు తీసుకుని పోయినాడని, గంజి పోసినాడా అని ఆ కాలంలోనే కొందరు ఎద్దేవా చేసినారు. అదే హూపర్ పదేళ్ల తర్వాత, 1886లో, బర్మాలో ఖైదీలను తుపాకులతో కాల్చే క్షణాన్ని ఫోటో తీయబోయినాడని ఇంగ్లండు పార్లమెంటులో గొడవైంది, విచారణ జరిగింది. కాల్చబడినవాళ్ల కోసం జరిగిన గొడవ కరువుతో చచ్చినవాళ్ల కోసం జరగలేదు.

నన్ను ఎక్కువ బాధపెట్టింది బొమ్మ కాదు, దాని కింది రాత. ఒక ఫోటోకు పెట్టిన పేరుకు తెలుగు చెప్పుకుంటే ‘ఉచిత సాయానికి అర్హులైనవారు’ అని వస్తుంది. ఒక్కరి పేరూ లేదు, ఊరు లేదు, ఏం సేద్యం చేసేవారో లేదు. అర్హులు, అంతే. మిత్రులారా, ఈ మాట మీరు ఎక్కడో విన్నట్టు లేదా? సచివాలయం గోడ మీద అతికించే కాగితానికి ఇవాళ కూడా అదే పేరు. అర్హుల జాబితా. ఆ పక్కనే అనర్హుల జాబితా. హూపర్ ఫోటోలో ఉన్నవాడు అర్హుడు కావాలంటే నిలబడలేనంతగా చిక్కిపోవాలి. కాస్త ఓపిక ఉన్నవాడు రాళ్లు మోయడానికి పోవాలి.

ఇప్పుడు దగ్గరి సంగతికి వస్తా. మా అమ్మ పుట్టిల్లు కృష్ణ ఒడ్డున ఉండేది. శ్రీశైలం ప్రాజెక్టు కింద పోయింది. కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాల్లో వంద దాకా ఊళ్లు, లక్షమందికి పైగా జనం అట్లా పోయినారు. 1981లో ఊళ్లు ఖాళీ చేయించేటప్పుడు సర్కారు ఆ పనికి పెట్టుకున్న పేరే ‘ఆపరేషన్ డిమోలిషన్’. ఇండ్లు కూలగొట్టేకి పోయేవాడు దానికి అంతకన్నా నిజాయితీ గల పేరు పెట్టలేడు.

ఆ మునకలో గుళ్లు కూడా ఉన్నాయి. వాటిని జాగ్రత్తగా విప్పినారు. రాయి రాయికి నంబరు వేసి, కొలతలు తీసి, ఫోటోలు తీసి, బండ్లకెత్తి, మళ్లీ అదే వరసలో పేర్చినారు. కూడలి సంగమేశ్వరాలయం ఆలంపురం చేరింది, మరికొన్ని గుళ్లు వేరే చోట్లకు చేరినాయి. మంచి పని. గుడి మనదే, కట్టింది మన రాతిపనివాళ్లే, దాన్ని నీళ్ల పాలు చేయమని ఎవరూ అడగలేదు. అయితే ఒక రాతిస్తంభానికి నంబరు వేసే తీరిక ఉన్న ప్రభుత్వానికి, ఒక ఇంటి ముందర ఆ ఇంటి మనుషులను నిలబెట్టి ఒక్క ఫోటో తీసి, ఎంత కల్లం, ఎన్ని ఎడ్లు, ఎన్ని చింతచెట్లు, భూమి లేకపోతే ఎవరి దగ్గర జీతం అని రాసుకునే తీరిక లేకపోయింది. నీళ్లు వచ్చినాక పరిహారం లెక్కలో పట్టా ఉన్నవాడు లెక్కకొచ్చినాడు. కౌలు చేసినవాడు, జీతానికున్నవాడు, పడవ నడిపినవాడు, చేపలు పట్టినవాడు, కుండలు చేసినవాడు ఎక్కడ పోయినారో ఏ కాగితమూ చెప్పదు.

ముంపు కుటుంబాలకు ఉద్యోగాలిస్తామని 1986లో 98 నంబరు జీవో ఇచ్చినారు. దాని కోసం తండ్రులు తిరిగినారు, కొడుకులు తిరిగినారు, ఇప్పుడు మనవళ్లు తిరుగుతున్నారు. తిరిగిన ప్రతిసారీ ‘మీరు ఆ ఊరోళ్లేనని రుజువేంది’ అనే అడుగుతారు. మా మేనమామ అట్లాగే ఒక ఆఫీసుకు పోయినాడు, తోడుగా నేను పోయినాను. ఆయన దగ్గర ఒక ఫోటో ఉంది. తన పెండ్లికి కర్నూలు నుంచి స్టూడియో అతను వచ్చి తీసింది. వెనక ఇంటి గోడ, పక్కన జొన్నసొప్ప వామి, మూలన బండి చక్రం, దూరంగా గుడి గోపురం కనపడతాయి. ఆ గోపురం చూస్తే ఏ ఊరో ఆ సీమలో పెద్దవాళ్లెవరైనా చెప్తారు. బల్ల వెనక కూర్చున్నాయన దాన్ని వేళ్ల కొసలతో పట్టుకుని చూసి, ‘పెద్దాయనా, ఇది పెండ్లి ఫోటో. ఇది చెల్లదు. కాగితం తే’ అన్నాడు. మామ నవ్వినాడు. ‘కాగితాలు నీళ్లలో పోయినాయి సార్, ఇది మెడలో కట్టుకున్న గుడ్డలో ఉండి బతికింది’ అన్నాడు. పని కాలేదు. మామ ఇప్పుడు లేడు.

ప్రతి ఎండాకాలం శ్రీశైలం నీళ్లు తగ్గంగానే సంగమేశ్వరం గుడి బయటపడుతుంది. పేపర్లన్నీ వేపలింగాన్ని ఫోటో తీసి వేస్తాయి, భక్తులు పోతారు, పడవలు తిరుగుతాయి. ఆ గుడితో పాటు పాత ఊళ్ల మొండిగోడలు, బావి గట్లు, రోళ్లు కూడా బయటపడతాయి. తమ ఇల్లెక్కడుండిందో చూపించేకి ముసలివాళ్లు మనవళ్లను పిల్చుకొని పోతారు. ఆ ఫోటో ఏ పేపరులో చూసినాం? కడప జిల్లాలోనూ ఇదే తంతు. గండికోట లోయ ఫోటో దేశమంతా తిరుగుతుంది, అమెరికా లోయతో పోల్చి రాస్తారు. అదే గండికోట జలాశయం వెనక తాళ్ళప్రొద్దుటూరులో 2020 సెప్టెంబరులో నీళ్లు ఇండ్ల దాకా వచ్చినప్పుడు, పునరావాసం పూర్తి కాకుండా నీళ్లు ఎట్లా నింపుతారని జనం రోడ్డెక్కినారు. ఆ దినాలను జనమే తమ ఫోన్లలో తీసుకున్నారు. ఫోను మారితే, చిప్పు పోతే ఆ సాక్ష్యం కూడా పోతుంది. మళ్లీ ముప్పై ఏండ్లకు ఎవరో ఒకాయన బల్ల వెనక కూర్చుని ‘రుజువేంది’ అని అడుగుతాడు.

సరే, ఫోటో చెల్లదు అన్నారు గదా. మరి ఇప్పుడేం జరుగుతోంది? ఉపాధి హామీ పనిలో 2023 జనవరి 1 నుంచి దేశమంతా హాజరు ఫోటోతోనే వేయాలని కేంద్రం ఉత్తర్వు పెట్టింది. పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి. పని ముగిసినా రెండో ఫోటో కోసం ఎండలో కాచుకోవాలి. సిగ్నల్ లేకపోతే ఫోటో ఎక్కదు, ఫోటో ఎక్కకపోతే మస్టరులో పేరు ఎక్కదు, పేరు ఎక్కకపోతే కూలి లేదు. తవ్విన గుంత కండ్ల ముందరే ఉంటుంది. గుంత సాక్ష్యం కాదు, చేతుల్లో బొబ్బలు సాక్ష్యం కాదు, ఫోటోనే సాక్ష్యం. దీంతో అవినీతి ఆగిందా అంటే, 2025 జులైలో కేంద్ర గ్రామీణాభివృద్ధి శాఖే రాష్ట్రాలకు రాసింది: సంబంధం లేని ఫోటోలు ఎక్కిస్తున్నారని, ఫోటోను మళ్లీ ఫోటో తీసి ఎక్కిస్తున్నారని. దొంగ మస్టర్లు రాసేవాడు కెమెరాకు భయపడలేదు. భయపడింది సిగ్నల్ కోసం గట్టెక్కి ఫోను పైకెత్తి నిలబడిన ఆడకూలి.

పంట నమోదుదీ అదే దారి. చేనులోకి వచ్చి అక్షాంశ రేఖాంశాలతో ఫోటో తీస్తారు. ఆ ఫోటో ఉంటేనే బీమా, అదుంటేనే పంట నష్టం సాయం, కొనుగోలు కేంద్రంలో చీటీ. చేనులో దున్నింది, ఎరువు వేసింది, కలుపు తీసింది కౌలుదారు. 2019 పంట సాగుదారుల హక్కుల చట్టం ప్రకారం అతనికి పదకొండు నెలల కార్డు రావాలంటే భూమి యజమాని సంతకం కావాలి. యజమాని సంతకం పెట్టడు, భూమి పోతుందని భయం. అప్పుడు చేను ఫోటోలో పంట ఉంటుంది, పంట పక్కన కౌలురైతు నిలబడి ఉంటాడు, సాయం మాత్రం ఎక్కడో పట్నంలో ఉన్న పట్టాదారు ఖాతాలో పడుతుంది. తెల్లదొర ఫోటోలో మనిషికి పేరు లేదని ఏడ్చినాం. ఇప్పటి ఫోటోలో పేరుంది, వేరేవాని పేరు.

ఇంక పాసుపుస్తకం సంగతి ఎట్లా మరిచిపోతాం? భూముల రీసర్వే తర్వాత మన చేతికొచ్చిన పుస్తకం అట్ట మీద ముఖ్యమంత్రి ఫోటో ఉండింది. ప్రభుత్వం మారినాక ఆ ఫోటో తీసేసి రాజముద్రతో కొత్త పుస్తకాలిస్తామన్నారు. రాజముద్రే ఉండాలి, సంతోషం. ఎకరా దున్నే ఆడమనిషి బొమ్మ మాత్రం రెండు పుస్తకాల్లోనూ లేదు. మన జిల్లాల్లో విత్తనం వేసేది, కలుపు తీసేది, బుడ్డలు పీకేది, పత్తి ఏరేది ఎక్కువగా ఆడవాళ్లు. ఏ పాత ఫోటో తిరగేసినా చేన్లో వంగి ఉన్న వీపులు వాళ్లవే. పాసుపుస్తకంలో పేరు ఎక్కువగా మగవానిది.

ఈ వ్యాసం రాస్తానంటే మన సంఘంలోనే ఒక సీనియర్ నాయకుడు, నాకు గురువులాంటివాడు, ముఖం మీదే అన్నాడు: ‘తుంగభద్ర నీళ్లు రాక కేసీ కాలువ ఆయకట్టు ఎండతాంటే నువ్వు పాత ఫోటోలు ఏరుకుంటావా? ఇది రిటైర్డు పంతుళ్ల పని.’ ఆయన మాటలో నిజముంది. ఫోటో వల్ల కాలువకు నీళ్లు రావు. ఊరికే ఏరుకొని గోడకు తగిలించుకుంటే అది ఎడ్లబండి బొమ్మలు పెట్టుకున్న హోటలుకు, మనకు తేడా ఉండదు. నేను చెప్పేది ఏరుకోవడం గురించి కాదు, వాడుకోవడం గురించి. చెరువు ఆక్రమణ మీద మనం పిటిషన్ వేస్తాం. 1980లో ఆ చెరువు నిండినప్పుడు కట్ట మీద తీసుకున్న ఒక పెండ్లి గుంపు ఫోటో ఎవరి పెట్టెలోనో ఉంటుంది. నీళ్లు ఏ చింతచెట్టు దాకా ఉండేవో అందులో కనపడుతుంది. ఆ ఫోటో, అందులో ఉన్నవాళ్లలో బతికున్న ఇద్దరి వాంగ్మూలం, తేదీ, సర్వే నంబరు జతచేసి ఇస్తే, ‘ఇది చెల్లదు’ అనడం బల్ల వెనక మనిషికి అంత సులువు కాదు. ఒక్కడు పోతే పెండ్లి ఫోటో. సంఘం పోతే, వంద ఫోటోలు పోతే, అది దస్త్రం.

శ్రమను దస్త్రం చేయడం మన సీమకు కొత్త కాదు. కడప జిల్లా పోరుమామిళ్ల చెరువు కట్ట దగ్గర 1369 నాటి శాసనం ఉంది. విజయనగర రాజు బుక్కరాయల కొడుకు భాస్కరుడు ఆ చెరువు కట్టించినట్టు చెప్తుంది. చెరువు ఎట్లాంటి చోట కట్టాలి, ఏ దోషాలుండకూడదు అని పాఠం చెప్పినట్టు చెప్తుంది. అదే శాసనం, రోజుకు వెయ్యిమంది కూలీలు, నూరు బండ్లు, రెండేండ్లు పట్టిందని కూడా చెప్తుంది. రాజుకు పేరుంది, కూలీకి లెక్క ఉంది. ఆరున్నర శతాబ్దాల కిందటి రాయి కూలీ లెక్కనైనా దాచింది. మన కాలంలో పోయిన ఊళ్లకు ఆ లెక్క కూడా దాచుకోలేదు మనం.

ఇక్కడ మన తప్పు కూడా ఒప్పుకోవాలి. మన పత్రిక పాత సంచికలు తిరగేసినాను. ధర్నా ఫోటోలు వందలున్నాయి. అన్నిట్లోనూ ముందు వరసలో మైకు పట్టుకున్న నాయకులు, కింద ఎడమ నుంచి కుడికి వాళ్ల పేర్లు. వెనక కూర్చున్న మూడొందల మందికి ‘పాల్గొన్న రైతులు’ అని ఒక్క మాట. హూపర్ కన్నా మనం ఏం మెరుగు? ఇంకో మాట కూడా చెప్పాలి, కొందరికి కోపం వచ్చినా సరే. మన ఇండ్లలో పాత ఫోటోలు చూడండి. కుర్చీలో కూర్చున్నది రెడ్డిగారో పెద్ద రైతో, పక్కన ఒంగోలు జత, ఆ ఎడ్ల పగ్గాలు పట్టుకుని నిలబడింది జీతగాడు. బండలాగుడు పందెంలో గెలిచిన ఆ ఎడ్ల పేర్లు ఇంటిల్లిపాదికీ తెలుసు. పగ్గం పట్టుకున్నవాని పేరడిగితే, ‘వాడెవడో మాదిగోడు’ అంటారు. కపిల మోకు మీద కూర్చున్న మనిషి పేరు ఎందుకు లేదో ఇప్పుడు అర్థమైందా?

పేరు ఎంత పని చేస్తుందో ఒక సంగతి చెప్తా. అమెరికాలో 1936లో, కరువు, మాంద్యం కలిసి రైతుకూలీలను రోడ్డు మీద పడేసిన కాలంలో, సర్కారు తరఫున డొరోతియా లాంగ్ అనే ఆమె బఠాణీ చేన్ల కూలీల గుడారాల్లో ఒక తల్లిని, పిల్లలను ఫోటో తీసింది. ‘వలస తల్లి’ అని ప్రపంచమంతా దాన్ని ఎరుగును. పుస్తకాలకెక్కింది, తపాలా బిళ్ల కూడా అయింది. తీసిన ఆమె ఆ తల్లి పేరు అడగలేదు. ఆమె పేరు ఫ్లారెన్స్ ఓవెన్స్ థాంప్సన్ అని లోకానికి తెలిసింది 1978లో, నలభై రెండేండ్ల తర్వాత. ఆ ఫోటో వల్ల తనకు ఒక్క పైసా రాలేదని ఆమె అప్పుడు చెప్పింది. ఆ ఫోటోలన్నీ చూసుకునే పై అధికారి స్ట్రైకర్, తనకు పనికిరావనుకున్న నెగటివ్‌లకు పంచ్ మిషనుతో రంధ్రం పెట్టేవాడు. మనిషి ముఖం మీద పడిన నల్లటి రంధ్రంతో ఆ ఫోటోలు ఇప్పటికీ ఉన్నాయి. ఏ ముఖం ఉండాలో, ఏది పోవాలో తీసినవాడే తేలుస్తాడు.

వేరే దారీ ఉంది. 1943 బెంగాల్ కరువును సునీల్ జానా కమ్యూనిస్టు పార్టీ పత్రిక కోసం ఫోటోలు తీసినాడు. ఆ ఫోటోలతో పార్టీ పోస్టుకార్డులు అచ్చేసి అమ్మి కరువు సాయానికి డబ్బు కూడబెట్టింది. పాలగుమ్మి సాయినాథ్ 1993 నుంచి 2002 దాకా పది రాష్ట్రాల్లో తీసిన ఆడవాళ్ల పని ఫోటోలను పెద్ద పట్నాల గ్యాలరీలకే వదిలేయకుండా కూలీలు, రైతులు చూసే చోట్లకు తీసుకుపోయినాడు. తమ పనిని తాము చూసుకున్నవాళ్లు, ‘ఇంత పని మేమే చేస్తున్నామా’ అని అడగాలి కదా, అందుకు. 2014లో ఆయన మొదలుపెట్టిన పారిలో ఫోటో కింద మనిషి పేరు, ఊరు ఉంటాయి. ఎంత చిన్న మార్పు! ఎంత కాలం పట్టింది!

కాబట్టి జిల్లా కమిటీకి నా ప్రతిపాదన ఇది. వచ్చే సభ్యత్వ నమోదు రోజుల్లో ఇంటికి పోయినప్పుడు రసీదు పుస్తకంతో పాటు ఒక నోటుబుక్కు తీసుకుపోదాం. పాత పెట్టెల్లో ఉన్న ఫోటో ఏదైనా సరే, అసలును ఇంట్లోనే వదిలి ఫోనుతో దాని ఫోటో తీసుకుందాం. అసలు ఫోటోను ఎవరూ ఇంటి నుంచి తేవద్దు, తెచ్చింది తిరిగి పోదు, అది మన అందరికీ అనుభవమే. తీసేటప్పుడు వెనకవైపు కూడా తీయాలి, స్టూడియో ముద్ర, తేదీ అక్కడే ఉంటాయి. ఇంట్లో ముసలివాళ్లను పక్కన కూర్చోబెట్టుకుని ప్రతి ముఖానికీ పేరు అడగాలి. ముఖ్యంగా పగ్గం పట్టుకున్నవానికి, వామి పక్కన నిలబడిన ఆడమనిషికి. బావి లోతెంత, ఏ సంవత్సరం ఎండింది, ఆ చేన్లో అప్పుడు కొర్రలా బుడ్డలా, ఆదోని, పత్తికొండ వైపైతే ఏ యేడు నుంచి సుగ్గికి గుంటూరు పోవడం మొదలుపెట్టినారు, పిల్లలను బడి మాన్పించి పిల్చుకొని పోయినారా, ఇవన్నీ రాసుకోవాలి. చెప్పినవాళ్ల సంతకమో వేలిముద్రో కింద ఉండాలి. వాళ్లు వద్దంటే ఆ ఫోటో మనం వాడకూడదు. హూపర్ అడగలేదు, మనం అడుగుదాం.

ఉపాధి పని దగ్గర కూడా వాళ్లు తీసే రెండు ఫోటోలతో పాటు మూడోది మనం తీసుకోవాలి, తవ్విన గుంత కొలతతో, మేట్ పేరుతో. కౌలుదారు తన పంటలో నిలబడి విత్తిన రోజు ఒకటి, కోసిన రోజు ఒకటి తీయించుకోవాలి, పక్క చేను రైతును సాక్షిగా నిలబెట్టుకుని. ముంపు ఊళ్లవాళ్లు ఈ ఎండాకాలం నీళ్లు తగ్గినప్పుడు గుడి దగ్గరే ఆగిపోకుండా తమ మొండిగోడల దాకా పోయి, ఇది ఫలానావాళ్ల ఇల్లు, ఇది ఫలానావాళ్ల కల్లం అని చేత్తో చూపిస్తూ ఫోటో దిగాలి. చూపించగలిగినవాళ్లు ఏడాదికేడాది తగ్గిపోతున్నారు.

మామ పెండ్లి ఫోటో ఇప్పుడు నా దగ్గర ఉంది. మొన్న మా అమ్మను కూర్చోబెట్టి అడిగినాను. ఫోటోలో పదకొండు మంది ఉన్నారు. తొమ్మిదిమంది పేర్లు టకటకా చెప్పింది. బండి చక్రం పక్కన సగం కనపడే పిల్లవాడు వడ్లాయన కొడుకని, ఆ చక్రం వాళ్ల నాయన చేసిందేనని చెప్పింది. వామి మీద కూర్చున్న మనిషి కాడ ఆగిపోయింది. మా తాత దగ్గర ఏడేండ్లు జీతమున్నాడట, నీళ్లు వచ్చిన యేడు ఎటో పోయినాడట. పేరు నోటి దాకా వస్తాంది, రావడం లేదు అంది. ఆ ఊరోళ్లు ఇప్పుడు నందికొట్కూరు, ఆత్మకూరు వైపు చెదిరిపోయి ఉన్నారు. ఫోటోను ఈ పేజీలోనే అచ్చు వేయమని సంపాదకుణ్ణి అడిగినాను. వామి మీద మనిషిని గుర్తుపట్టినవాళ్లు మండల కమిటీ ద్వారా కబురు చేయండి.